నాగప్ప చెప్పి పంపిన మాట

ముప్పై ఏళ్ళకు పైగా ఒక మాట మోశాను. అది నా మాట కాదు. ఒక మనిషి నాకిచ్చి, ఇంకొకరికి అందించమన్నాడు. అందించలేదు. ఆ ఒక్క పని చేయకపోవడం వల్లే నాకు పద్దెనిమిదేళ్ళు నిండకముందే ధర్మవరంలో బాడుగ తెచ్చే సొంత ఇల్లొకటి అమిరింది. ఈ సంగతి నా భార్యకు తెలియదు. పిల్లలకు తెలియదు. మీకు చెబుతున్నాను. మీరు నా ముఖం చూడలేదు కాబట్టి నమ్మే అవకాశం ఉంది.

నా ముఖం ఎరిగినవాళ్ళతో అదే చిక్కు. హిందూపురంలో నాకు కతలోడని పేరు. పెనుకొండ కొండ మీద చిరుతపులి నన్ను ఆపి బీడీ అడిగిందనీ, అగ్గిపెట్టె లేదంటే విసుక్కుంటూ వెళ్ళిపోయిందనీ చెప్పినవాణ్ణి నేనే. చింతపండు మండీలో గుట్ట మీద నుంచి లోపలికి జారిపోయి మూడో రోజు బయటపడ్డాననీ, అప్పటినుంచి నన్ను ముట్టుకున్న దోమలు పుల్లగా ముఖం పెడుతున్నాయనీ చెప్పినవాణ్ణీ నేనే. ఇవన్నీ అబద్ధాలు. వీటివల్ల ఎవరికీ పూచికపుల్లంత నష్టం లేదు. జీవితంలో నేను చేసిన అసలు ద్రోహానికి కత అల్లాల్సిన అవసరమే రాలేదు. రెండు మాటలు చాలాయి. అందుకే అది ఇంతకాలం లోపల పడి ఉందేమో. అలంకారం చేసి బయటికి పంపడానికి దానికి ఒళ్ళే లేదు.

మొదటినుంచి చెబుతాను. మా నాయన హిందూపురం బెల్లం మండీలో కాటా వేసే మనిషి. మేము ఐదుగురం ఒకే గదిలో బాడుగకుండేవాళ్ళం. నెల మొదట్లో ఇంటాయన వచ్చేవాడు. బయట నిలబడి పిలిచేవాడు కాదు, నేరుగా లోపలికి వచ్చి నీళ్ళ బిందెలు లెక్కపెట్టేవాడు. "నా బాయిలో నీళ్ళు మీరే తోడేస్తాండారు" అనేవాడు. మా అమ్మ కొంగు సర్దుకుని గోడకు ఆనుకునేది. నాకు పద్నాలుగేళ్ళు. ఆ మనిషి మీద నాకు కోపం రావాలి కదా? రాలేదు. నిజం చెబుతున్నాను, నాకు వచ్చింది ఆశ. ఈయన కాటా ఎత్తడు, మూట మొయ్యడు. చెప్పులు తొడుక్కుని నెలకోసారి వస్తాడు, అంతే. నాకూ అలాంటి ఇల్లొకటి కావాలనుకున్నాను. నా వయసు పిల్లలు సైకిలు కావాలనుకునేవాళ్ళు. నేను బాడుగకున్నవాళ్ళు కావాలనుకున్నాను.

దారి చింతగింజల్లో దొరికింది. వేసవిలో చింతపండు మండీ వెనక ఆడవాళ్ళు చింతకాయలు కొట్టి గింజ తీసేవారు. గింజలు గుట్టలుగా పడి ఉండేవి. ఎత్తుకుపోతే చాలునని షావుకార్లు సంతోషించేవారు. ధర్మవరం అవతలి పల్లెల్లో కంబళ్ళు నేసేవాళ్ళకు ఆ గింజలే కావాలి. పిండి చేసి ఉడికించి ఆ గంజి ఉన్నికి పట్టిస్తే పడుగు నిటారుగా నిలుస్తుంది. ఒకచోట చెత్త, ఇంకోచోట సరుకు. మధ్యలో పాసింజరు బండి. ఫోర్తు ఫారం తప్పిన నాకు ఆ లెక్క మాత్రం బాగా అర్థమైంది. వారానికి రెండు మూటలు, ఒక్కోసారి మూడు. అణాలు పోయి నయాపైసలు వచ్చిన కాలం. చేతికొచ్చింది వచ్చినట్లే పోస్టాఫీసులో వేశాను. నాలుగేళ్ళు సినిమా చూడలేదు. తిరునాళ్ళలో బొరుగులు కూడా కొనలేదు. చూసిన సినిమా కతంటూ స్నేహితులకు చెప్పినవన్నీ నేను కల్పించినవే, అది వేరే సంగతి.

ధర్మవరంలో దిగాక మూటలు దించుకోవడానికి ఒక నీడ కావలసి వచ్చింది. అలా నాగప్ప ఇల్లు దొరికింది. నాగప్ప పట్టుచీరలు నేసేవాడు. నాకన్నా పదిహేనేళ్ళు పెద్ద. సన్నని మనిషి, నెమ్మదిగా మాట్లాడేవాడు. మట్టి మిద్దె, ముందర అరుగు. లోపల రెండు గుంత మగ్గాలు. గుంత మగ్గమంటే నేలలో నడుములోతు గుంత తవ్వి, నేతగాడు అందులో కాళ్ళు దించి కూర్చుని కింద తొక్కుడు కర్రలు తొక్కుతాడు. ఆ గుంత ఎవరి కాళ్ళ పొడవుకు వాళ్ళు తవ్వుకుంటారు. ఒకటి నాగప్ప కాళ్ళకు, రెండోది అప్పటికి పదేళ్ళున్న కొడుకు పెద్దయ్యాక పనికొచ్చేలా కొంచెం ఎక్కువ లోతుతోనూ తవ్వారు. నాగప్ప భార్య గంగమ్మ. నేను వెళ్ళినప్పుడల్లా సంగటి పెట్టి, "ఏమప్పా, ఈ తూరి పులి ఏమడిగింది?" అనేది.

ఇల్లు మాత్రం నాగప్పది కాదు. పెనుకొండలో ఉన్న కామాక్షవ్వది. ఆమె సెట్ల ఇంటి మనిషి, భర్త పోయాక తమ్ముడి ఇంట్లో ఉండేది. గుంతలు తవ్వుకోవడానికి ఒప్పుకున్నది ఆమె భర్తే. తొమ్మిదేళ్ళుగా నాగప్ప అందులోనే ఉన్నాడు. నేను పెనుకొండ మీదుగా పోయి వచ్చేవాణ్ణి కాబట్టి బాడుగ నా చేత పంపేవాడు. ఒక్క పైసా తేడా లేకుండా అందించేవాణ్ణి. కామాక్షవ్వకు నా కతలంటే ప్రాణం. చెనిక్కాయలూ బెల్లమూ ఇచ్చి కూర్చోబెట్టేది. ఆమెకు చదువు రాదు, నాగప్పకు రాయడం రాదు. ఇద్దరి మధ్య ఏ మాట నడవాలన్నా నా నోటే దారి.

ఆ సంవత్సరం అవ్వ ఇల్లు అమ్మాలనుకుంది. తమ్ముడి కొడుకులు తొందరపెడుతున్నారు. "గుంతలో కూసున్నోనికే ముందు అడుగుతా. వాడు వద్దంటేనే ఇంకొకరికి" అని నాతోనే చెప్పి పంపింది. ఆ మాట మాత్రం అందించాను. నాగప్ప ఆడుతున్న మగ్గం ఆపేశాడు. గుంతలోంచి లేవకుండానే చెప్పాడు. ఒక్క అక్షరం మార్చకుండా రాస్తున్నాను.

"అవ్వకు దండం పెట్నానని చెప్పు. మూన్నెల్లు ఆగమను. ఉగాది పోతానే దుడ్లు తెచ్చి ఆమె కాళ్ళకాడ పెడతా. ఈ గుంతకు అలవాటైన కాళ్ళు, ఇంగ యాడా ఇమడవని చెప్పు."

నేను తలూపాను. బండెక్కాను.

చెప్పాలనే ఎక్కాను. ఇది మీరు నమ్మాలి, లేక నేనే నమ్మాలనుకుంటున్నానా? బండి కదిలేసరికి నాలో లెక్క మొదలైంది. మూడు నెలలు. నాగప్ప దగ్గర ఎంతో తక్కువ పడుతోంది. నా దగ్గరా తక్కువ పడుతోంది, కానీ ఎక్కువేం కాదు. నాలుగేళ్ళుగా నేను వెతుకుతున్నది ఇదే. చిన్న ఇల్లు, చెప్పిన రోజుకు బాడుగ ఇచ్చే మనిషి, ఖాళీ పడే భయం లేదు. నేల తవ్వుకున్నవాడు అంత సులువుగా లేచిపోడు. చూశారా, గుంతకు అలవాటైన కాళ్ళు కదలలేవని నాగప్ప తన కష్టం చెప్పుకుంటే, నాకు అది ఆస్తి విలువలా వినిపించింది. పద్దెనిమిదేళ్ళు నిండని కుర్రవాడి బుర్ర అది. వయసు చిన్నదని మీరు జాలిపడవద్దు. ఆ లెక్క ఇప్పుడు వేసినా అంత శుభ్రంగా రాదు.

పెనుకొండలో అవ్వ నడవలో కూర్చుని చెనిక్కాయలు ఒలుస్తోంది. నన్ను చూడగానే చాట పక్కకు పెట్టింది.

"రారా పులిబీడీ. నాగప్ప ఏమన్నా చెప్పి పంపినాడా?"

"ఏమీ లేదవ్వా."

"ఏమీ లేదా? నేను చెప్పింది చెప్పితివా?"

"చెప్పినానవ్వా."

"విని ఏమనె?"

"ఏమీ అనలేదు. మగ్గం ఆడుకుంటాండె."

ఒక కాయ ఒలిచింది. ఆ గింజలు నోట్లో వేసుకోలేదు, చాటలో వేయలేదు, చేతిలోనే పెట్టుకుంది. "తొమ్మిదేండ్లు. అవుననో కాదనో ఒక మాట చెప్పకూడదా? సరేలే. వానికి అక్కర లేదు."

"నేను కొంటానవ్వా."

నవ్వింది చూడండి. పొట్ట పట్టుకుని నవ్వింది. "నువ్వా? గాలిలో కట్టినవి చాలలేదారా నీకు? ఆ మిద్దెలన్నీ ఏమి చేసుకుంటివి?"

పోస్టాఫీసు పుస్తకం తీసి ఆమె ముందర పెట్టాను. చదవలేదు కదా, తమ్ముణ్ణి పిలిచి చదివించింది. ఆయన అంకె చెప్పాక ఇద్దరూ నావైపు కొత్త మనిషిని చూసినట్లు చూశారు. నా జీవితంలో నేను చెప్పిన ఒక పెద్ద మాట నిజమని తేలడం అదే మొదటిసారి. ఆ గర్వంలో మిగతాది నాకు కనబడలేదు. వంద రూపాయలు తక్కువ పడ్డాయి. "బాడుగ వస్తుంది గదా, దాంట్లో తీర్చు" అంది అవ్వ. అంటే, ఆ ఇంటి ఆఖరి వంద రూపాయలు నాగప్పే కట్టాడు, నెలనెలా, నా పేరున. నాకు వయసు చాలదు కాబట్టి మా అమ్మ పేర రిజిస్ట్రీ అయింది. వేలిముద్ర వేసి వచ్చి మా అమ్మ ఆ సిరా మరక రెండు రోజులు కడుక్కోలేదు.

మరి నాగప్పకు ఏం చెప్పాను? అక్కడ కత అల్లాను. గుంతకల్లు నుంచి ఒక షావుకారు వచ్చాడనీ, బంగారు పన్ను, పట్టు గొడుగు, అక్కడికక్కడే డబ్బు పరిచేశాడనీ, అవ్వ మూడు నెలలు ఆగనందనీ, ఆ షావుకారు వస్తే నిన్ను లేపేస్తాడని నేనే అడ్డం పడి నా దగ్గరున్నదంతా పోసి కొన్నాననీ చెప్పాను. బంగారు పన్ను దాకా ఎందుకు పోయానో నాకే తెలియదు. అలవాటు.

నాగప్ప గుంతలోంచి పైకి వచ్చాడు. తనకన్నా పదిహేనేళ్ళు చిన్నవాడికి రెండు చేతులెత్తి దండం పెట్టాడు. "దేవుని మాదిరి అడ్డం పడితివి అబ్బీ" అన్నాడు. గంగమ్మ లోపలినుంచి మజ్జిగ తెచ్చింది. తాగాను. నోట్లోంచి లోపలికి పోయింది కూడా.

ఆ తర్వాత నెలనెలా వెళ్ళేవాణ్ణి. చెప్పులు తొడుక్కుని. బిందెలు లెక్కపెట్టలేదు, అది ఒక్కటే నా గొప్పతనం. నాగప్ప బాడుగ చేతిలో పెడుతూ అడిగేవాడు: "ఆ బంగారు పన్నాయన మల్లా వచ్చినాడా?" లేదనేవాణ్ణి. మళ్ళీ నెల మళ్ళీ అడిగేవాడు. ఆయన భయం నిజమైనది, షావుకారే లేడు. ఏడాదిన్నర భరించాను. చివరికి ఆ షావుకారును చంపేశాను. గుంతకల్లు ప్లాట్‌ఫారం మీద గుండె ఆగిందని చెప్పాను. నాగప్ప కాసేపు బాధపడ్డాడు. "పాపం, పిల్లలుండారా ఆయనకు?" అన్నాడు. లేని మనిషికోసం ఆయన నొచ్చుకుంటుంటే నేను బాడుగ మడిచి జేబులో పెట్టుకున్నాను. ఇది చదువుతున్న మీకు నవ్వొస్తే నవ్వండి. నాకూ అప్పుడు వచ్చింది. ఇంటికి పోయాక అన్నం దిగలేదు.

ఇల్లు పోవడం ఒక నష్టం. దానికన్నా పెద్దదొకటి చేశాను, అది చాలా ఏళ్ళకు గాని నాకు తట్టలేదు. తొమ్మిదేళ్ళు ఉండి ఒక మాట కూడా పంపలేదని అవ్వ నొచ్చుకుంది. తొమ్మిదేళ్ళు చూసి మూడు నెలలు ఆగలేదని నాగప్ప నొచ్చుకున్నాడు. ఇద్దరికీ పౌరుషం ఉంది, ఇద్దరూ ఒకరినొకరు అడగలేదు. అదే నన్ను కాపాడింది. మరుసటి ఏడాది అవ్వ మంచం పట్టింది. నన్ను చూసి, "నాగప్ప బాగుండాడా? బిడ్డ పెద్దోడాయనా?" అని అడిగింది. అప్పుడైనా చెప్పవచ్చు. ఇల్లు అప్పటికే నాది, చెప్పినా పోదు. మరెందుకు చెప్పలేదు? ఆమె నాకు బెల్లం పెట్టడం మానేస్తుందని. నమ్మండి, కారణం అంత చిన్నది. ఆమె పోయిందని నేనే ధర్మవరం వెళ్ళి చెప్పాను. నాగప్ప మగ్గం ఆపలేదు. చావుకు పోలేదు.

అరవైల నడుమ వానలు వెనక్కిపోయాయి. ఊళ్ళో చేతులాడలేదు, చీరలు అడిగేవాళ్ళు లేరు. కొడుక్కి హిందూపురంలో పని దొరికిందని నాగప్ప ఇల్లు ఖాళీ చేస్తానన్నాడు. ఇల్లు వదిలేటప్పుడు గుంత పూడ్చి, నేల అలికి, ఎట్లా తీసుకున్నారో అట్లా అప్పగించడం అక్కడి మర్యాద. "ఉండనీ నాగన్నా, వచ్చేవాళ్ళకు పనికొస్తాయి" అన్నాను. వినలేదు. నేను చూస్తుండగా పార తీసుకుని ముందరి అరుగు కూలగొట్టడం మొదలుపెట్టాడు. నాకు అర్థం కాలేదు. గంగమ్మ చెప్పింది, గుంతలు తవ్విన మట్టితోనే ఆ అరుగు కట్టుకున్నారట. ఆ మట్టి ఆ గుంతకే పోవాలి. తట్టలతో ఇద్దరూ మోశారు. తన గుంతలో మట్టి నిండుతుంటే నాగప్ప దానిమీద నిలబడి కాళ్ళతో తొక్కాడు, మగ్గం తొక్కినట్లే, ఒకటి తర్వాత ఒకటి. నేను గుమ్మంలో నిలబడ్డాను. ఒక తట్ట నేనూ ఎత్తబోతే, "నువ్వు ఇంటాయనవి, దూరముండప్పా" అన్నాడు. ఎగతాళి కాదు. గౌరవంగానే అన్నాడు.

తర్వాత ఆ ఇల్లు అమ్మి హిందూపురంలో రెండు కొన్నాను. ఆ రెండూ నాలుగయ్యాయి. నా సంసారం నడుస్తున్నది ఆ బాడుగల మీదే. నాగప్ప పోయి ఆరేళ్ళయింది.

పోయిన నెల గంగమ్మ దగ్గరికి వెళ్ళాను. కొడుకు ఇంట్లో, వసారాలో కూర్చుని రాట్నం మీద పట్టు నూలు చుడుతోంది. జేబులో డబ్బు పెట్టుకుని వెళ్ళాను. బయటికి తీయలేదు. తీస్తే మళ్ళీ ఏదో కొంటున్నట్లుంటుందని అనిపించింది. పిసినారితనానికి నేను మంచి పేరు పెట్టుకుంటున్నానేమో, అదీ కావచ్చు. మొత్తం చెప్పాను. మొదట నవ్వింది. "ముసిలోనివి కావస్తాండావు, ఇంగా కతలేనా?" అంది. కత కాదు వదినా అన్నాను. ఆమె రాట్నం ఆపింది.

"అట్లయితే ఆ పొద్దు ఆయన పంపిన మాట ఏందో చెప్పు. నువ్వు దేనికైనా నగలు పెడతావు. నగలు పెట్టకుండా చెప్పు చూద్దాం."

చెప్పాను. దండం దగ్గరనుంచి కాళ్ళ దాకా. ఎక్కడా తడబడలేదు. ముప్పై ఏళ్ళలో ఒక్క మాట కూడా అరగలేదు. వింటూ ఆమె నావైపు చూడలేదు. నూలు పోగు వేలితో పట్టుకుని కూర్చుంది.

"ఇది ఆయన మాటే" అంది.

ఇంకేమైనా అంటుందని చూశాను. తిడుతుందేమో, ఏడుస్తుందేమో, పోనీలే అంటుందేమో. మూడింటికీ సిద్ధమై వెళ్ళాను, మూడింటికీ జవాబులు కూడా పెట్టుకుని వెళ్ళాను, నా సంగతి మీకు తెలిసిందే కదా.

"ఇంగ పో అప్పా. నాకు ఇంగా రెండు చిలపల నూలు చుట్టేది ఉండాది."

లేచి వచ్చాను. ఆమె క్షమించలేదు. క్షమించమని నేనూ అడగలేదు, అడిగే ముఖం లేదు. పూడిన గుంత పూడిపోయింది, పెనుకొండలో ముసలామె ఒక మాట కోసం చూసి చూసి పోయింది, వాటిని నేనేమీ చేయలేను. కానీ ఆ వీధి మలుపు తిరిగేసరికి నాకు విపరీతంగా ఆకలి వేసింది. హోటల్లో కూర్చుని రెండు దోసెలు తిన్నాను, మూడోది అడిగాను. పక్కన కూర్చున్న తెలిసినాయన, "ఏమబ్బా, ఏమన్నా కత చెప్పు" అన్నాడు. ఈ పొద్దు లేదన్నాను. ఆయన నమ్మలేదు. నేను దోసె తింటూ కూర్చున్నాను. మోసిన మాట దిగిపోయి నోరు ఖాళీగా ఉంది, హాయిగా ఉంది.